అలల మీద పలక

పిల్లల్ని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లిన ఏ ఇంటివాళ్లయినా చెప్పే జాగ్రత్త ఒకటే. లోపలికి పోవద్దు, అలలు పెద్దగా ఉన్నవైపు అసలే పోవద్దు, నీళ్లు నిమ్మళంగా ఉన్నచోట ఆడుకోండి అని. ప్రేమతో చెప్పే మాటే గానీ, అందులో చివరి ముక్క ప్రాణాల మీదికి తెచ్చేది. వరసగా వచ్చి విరిగే అలలు ఒడ్డుకు తోసిన నీరంతా ఎక్కడో ఒకచోట తిరిగి లోపలికి పోవాలి. ఇసుక మేటల మధ్య కాస్త లోతైన సందు దొరికితే ఆ నీరు అక్కడ పాయకట్టి సముద్రంలోకి పరుగెడుతుంది. లోతు ఎక్కువ కాబట్టి ఆ పాయ మీద అలలు సరిగా విరగవు, నురగ ఉండదు. అటూ ఇటూ తెల్లగా పొంగుతున్న నీటి మధ్య అదొక్కటే శాంతంగా కనిపిస్తుంది. ఈత రాని పిల్లలు దిగడానికి పెద్దలు ఎంచుకునే చోటు చాలాసార్లు అదే అవుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఒక్కోసారి దాని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీది గెలవలేరు. అమెరికాలో అలల తీరాల దగ్గర లైఫ్‌గార్డులు కాపాడేవారిలో 80 శాతానికి పైగా ఈ పాయల్లో చిక్కినవాళ్లే.

బోర్డు మీద అలలెక్కే ఆట సర్ఫింగ్. అది ఆడేవాళ్లు అదే పాయను దారిగా వాడుకుంటారు. బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీటిని వెనక్కి తోస్తూ, అలలు విరిగే వరస దాటి అవతలికి చేరడానికి అది వాళ్లకు శ్రమ తగ్గించే బాట. నీరు ఒకటే. చూడటం తెలియనివాళ్లను ముంచుతుంది, తెలిసినవాళ్లను మోసుకెళుతుంది. పిల్లలకు సర్ఫింగ్‌ను ఎలా పరిచయం చేయాలన్న ప్రశ్నకు నా జవాబంతా ఈ తేడాలోనే ఉంది. ప్రకటనల్లో, సినిమాల్లో సర్ఫింగ్ అంటే ఎండకు కమిలిన కుర్రకారు, రంగురంగుల బోర్డులు, మేడంత అల. పిల్లలకు చెప్పేటప్పుడు కూడా బోర్డు భాగాలతో మొదలుపెట్టి ఛాంపియన్ల పేర్లతో ముగించడం తేలిక. కానీ ఆ వరస తలకిందులైనది. ముందు సముద్రం, తర్వాత ఆ నీళ్లలో మనతోపాటు ఉన్న మనుషులు, ఆ తర్వాతే బోర్డు. ఈ వరసలో నేర్పితే అల మీద ఒక్కసారి కూడా నిలబడలేకపోయిన పిల్లకైనా జన్మంతా పనికొచ్చే చదువు దక్కుతుంది. వరస తప్పితే బాగా నిలబడగలిగిన పిల్లవాడు కూడా ఒకరోజు తెలియని నీళ్లలోకి ధీమాగా దిగుతాడు.

అల అంటే ఏమిటి? దూరం నుంచి నీరు ప్రయాణం చేసి ఒడ్డుకు వస్తోందని పిల్లలే కాదు, చాలామంది పెద్దలూ అనుకుంటారు. నిజానికి వచ్చేది శక్తి. వరిచేను మీదుగా గాలి వీస్తే ఆ కదలిక చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా పరుగెడుతుంది గానీ ఏ దుబ్బూ తన చోటు వదలదు. నడిసంద్రంలో నీరూ అంతే. అల పోతున్నప్పుడు చుట్టు తిరిగి దాదాపు ఉన్నచోటికే వస్తుంది. గాలి ఎంత బలంగా, ఎంతసేపు, ఎంత మేర నీటి మీద వీచిందో దాన్నిబట్టి అల ఉంటుంది. తుపాను సద్దుమణిగినా అది లేపిన అలలు ఆగవు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ 1963లో పసిఫిక్ పొడవునా పరిశీలన కేంద్రాలు పెట్టించి, దక్షిణ ధ్రువ ప్రాంతం దాపున పుట్టిన అలలు పది వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అలాస్కాదాకా చేరుతున్నాయని చూపించాడు. హిందూ మహాసముద్రంలోనూ అదే జరుగుతుంది. దక్షిణాన ఎక్కడో రేగిన గాలుల వల్ల, కొన్ని రోజుల తర్వాత, ఇక్కడ ఆకు కదలని రోజున కూడా సముద్రం ఒక్కసారిగా ఉబికి ఊళ్లలోకి వస్తుంది. కేరళ మత్స్యకారులు దాన్ని కల్లక్కడల్ అంటారు. ఈ ఉప్పెన గురించి ముందుగా హెచ్చరించే సంస్థ ఇన్‌కాయిస్ సముద్రమే లేని హైదరాబాద్‌లో 1999 నుంచి పనిచేస్తోంది. అలల ఎత్తు ఎంత, ఏ దిక్కు నుంచి వస్తున్నాయి, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు అన్న లెక్కలు అది తయారుచేసి ఇస్తుంది. సర్ఫర్లు పొద్దున్నే లేచి చూసుకునే అంకెలు కూడా సరిగ్గా ఇవే. తెలుగు బడిలో ఏడో తరగతి పిల్లలు ఆ అంకెలను చదివి, సాయంత్రం సముద్రం ఎలా ఉంటుందో అంచనా వేయలేరని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు. అల ఎత్తుకు దాదాపు 1.3 రెట్ల లోతుకు వచ్చేసరికి అల విరుగుతుందన్న ఒక్క సూత్రం చాలు. మీటరు ఎత్తు అల ఎక్కడ విరుగుతోందో చూస్తే అక్కడ లోతు ఎంతో ఒడ్డున నిలబడే చెప్పొచ్చు. ఎలాంటి పరికరమూ అక్కర్లేని ప్రయోగం ఇది.

ఇక మనుషుల సంగతి. పశ్చిమ ఆఫ్రికా తీరంలో పిల్లలు చెక్కల మీద పడుకుని అలలెక్కడాన్ని యూరప్ యాత్రికులు 17వ శతాబ్దంలోనే రాసిపెట్టారు. పెరూ జాలర్లు రెల్లు పడవల మీద అలలు దాటి వచ్చేవారు. కానీ అల మీద నిలబడటాన్ని సమాజమంతా తన బతుకులో భాగం చేసుకున్నది హవాయి దీవుల్లో. అక్కడ రాజులు, రైతులు, ఆడవాళ్లు, మగవాళ్లు అన్న తేడా లేకుండా అందరూ అలలెక్కేవారు. ఓలో అనే చాలా పొడవైన బోర్డులు ప్రభువులవి. అలాయియా అనేవి సామాన్యులవి. పైపో అనే పొట్టి బోర్డు మీద బోర్లా పడుకుని పిల్లలు మొదలుపెట్టేవారు. బోర్డు కోసం చెట్టు నరికేముందు దాని మొదట్లో చేపను నైవేద్యంగా పెట్టేవారు. కయులాని రాకుమారి బోర్డు ఇప్పటికీ హోనొలులులోని బిషప్ మ్యూజియంలో ఉంది. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చిన తర్వాత బయటి రోగాలు ఈ జనాన్ని దాదాపు తుడిచిపెట్టేశాయి. అప్పట్లో లక్షల్లో ఉన్న హవాయి జాతి 1890ల నాటికి దాదాపు 40 వేలకు పడిపోయింది. 1820లో దిగిన మిషనరీలకు ఈ ఆటలో సోమరితనం, సిగ్గులేనితనం కనిపించాయి. 1893లో రాణి లిలియువోకలానిని గద్దె దింపారు. 1898లో అమెరికా దీవులను కలిపేసుకుంది. ఇంత జరిగినా ఆట బతికిందంటే వైకికీ తీరపు హవాయి కుర్రవాళ్ల వల్లే. 1911లో హుయ్ నాలు క్లబ్బు పెట్టుకున్నది వాళ్లే. సర్ఫింగ్ కాలిఫోర్నియాలో పుట్టిందనుకునే పిల్లలకు ఈ చరిత్ర తప్పకుండా చెప్పాలి. ఒక జాతి తన భూమినీ రాజ్యాన్నీ పోగొట్టుకున్న రోజుల్లో కూడా పట్టుకుని నిలిచిన విద్యను మనం సరదాగా అరువు తెచ్చుకుంటున్నాం. అరువు తెచ్చుకునేవాళ్లకు కనీసం ఇచ్చినవాళ్ల పేరు తెలియాలి.

ఆ కుర్రవాళ్లలో ఒకడు డ్యూక్ కహనమోకు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచాడు. ఆ కీర్తితోనే దేశాలు తిరిగాడు, సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ తీరంలో అక్కడ దొరికిన కర్రతో బోర్డు చెక్కుకుని ఆస్ట్రేలియన్లకు ఆట చూపించాడు. కానీ పిల్లలకు అతని గురించి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి పతకం కాదు. 1925 జూన్‌లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ దగ్గర థెల్మా అనే పడవ పెద్ద అలలకు బోల్తాపడింది. 17 మంది చనిపోయారు. బతికిన 12 మందిలో ఎనిమిది మందిని డ్యూక్ ఒక్కడే తన సర్ఫింగ్ బోర్డు మీద వేసుకుని మళ్లీ మళ్లీ వెళ్లి తెచ్చాడు. లైఫ్‌గార్డులు బోర్డును రక్షణ సాధనంగా పట్టుకోవడానికి ఇలాంటి ఘటనలే దారితీశాయి. మరో పేరు ఎడ్డీ అయికావు. ఓఅహు దీవి ఉత్తర తీరంలో, వైమియా దగ్గర లైఫ్‌గార్డుగా వందల మందిని కాపాడినవాడు. ఇతరులు వెళ్లడానికి జంకే అలల్లోకి వెళ్లి మనుషుల్ని తెచ్చేవాడు. 1978 మార్చిలో హోకులేఅ అనే సంప్రదాయ పడవ నడిసంద్రంలో తిరగబడితే, తోటివాళ్ల కోసం సాయం తెస్తానని బోర్డు మీద ఒంటరిగా బయల్దేరాడు. మిగతావాళ్లంతా దక్కారు, అతను దొరకలేదు. సర్ఫింగ్ ప్రపంచం నేటికీ తలకెత్తుకునే వీరుడు ఇతనే. ఏ ఆటయినా ఎవరిని వీరులుగా నిలుపుకుంటుందో చూస్తే ఆ ఆట మనసు తెలుస్తుంది. ఇక్కడ నిలుపుకున్నది అందరికన్నా పెద్ద అలెక్కినవాణ్ని కాదు, అందరికన్నా ఎక్కువ మందిని ఒడ్డుకు చేర్చినవాణ్ని.

నీళ్లలో పాటించే మర్యాదలూ ఈ స్వభావానికి తగ్గవే. అల ఎక్కడ విరగడం మొదలవుతుందో దానికి దగ్గరగా ఉన్నవారిదే ఆ అల. వారు లేచి నిలబడ్డాక ఇంకొకరు ముందు దూరకూడదు. లోపలికి వెళ్లేవారు అలమీద వచ్చేవారి దారి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లాలి. బోర్డును చేతి నుంచి వదలకూడదు. సర్ఫింగ్ గాయాల్లో ఎక్కువ వంతు బోర్డు తగలడం వల్లనే, అందులోనూ ఎక్కువగా సొంత బోర్డే. తప్పు జరిగితే అక్కడికక్కడే క్షమాపణ అడగాలి. రిఫరీ ఉండడు, ఈల వేసేవాడు ఉండడు. మన పిల్లలు పెరిగే ఊళ్లలో వరస పాటించడం ఎంత అరుదో తలచుకుంటే, ఎవరూ చూడకపోయినా నీళ్లలో తన వంతు కోసం ఆగడం నేర్చిన పిల్ల మనకెంత అవసరమో అర్థమవుతుంది. ఈ సంస్కృతిలో చెడూ ఉంది, దాచనక్కర్లేదు. కొన్ని తీరాల్లో స్థానికులు ఇది మా అల అంటూ బయటివాళ్లను బెదిరించారు, కొట్టారు. దుస్తుల కంపెనీలు ఆటను అమ్మకపు సరుకుగా మార్చాయి. ఆడపిల్లలకు పోటీల్లో సమాన బహుమతి సొమ్ము రావడానికి దశాబ్దాలు పట్టింది. అయినా టోక్యోలో సర్ఫింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లో చేరినప్పుడు మహిళల తొలి స్వర్ణం హవాయి మూలాలున్న హోనొలులు అమ్మాయి కారిసా మూర్‌కు దక్కింది. 2024లో పురుషుల స్వర్ణం పోటీలు జరిగిన తాహితీ దీవికి చెందిన కౌలీ వాస్ట్‌దే. ఆట తిరిగి తన ఇంటికి వెళ్లిందని సంతోషపడ్డాను.

భారతదేశంలో ఈ ఆట వేళ్లూనుకున్న తీరు కూడా నా వాదనకు సాక్ష్యమే. కర్ణాటకలోని ముల్కిలో 2004లో జాక్ హెబ్నర్ అనే అమెరికన్ సన్యాసి ఆశ్రమం పక్కనే సర్ఫింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. సర్ఫింగ్ స్వామి అన్న పేరు అతనికి అలా వచ్చింది. కేరళ కోవళంలో ఒక సేవాసంస్థతో కలిసి పుట్టిన క్లబ్బు పిల్లలకు ఒకే షరతు పెట్టింది: బడికి వస్తేనే బోర్డు. చదువు మానేసి ఒడ్డున తిరిగే పిల్లలకు అల ఎర అయింది, బడి దానికి చెల్లించే మూల్యం అయింది. ఆ కోవళం తీరంలో పెరిగి ఆట నేర్చుకున్న రమేశ్ బుదిహాల్ 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయుడు అతనే. చెన్నై దగ్గర ఇంకో కోవళంలో మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు ఊరి పిల్లలకు నేర్పడం మొదలుపెడితే, కొన్నేళ్లలో ఆ కుగ్రామం పేరు సర్ఫింగ్ పటం మీదికెక్కింది. దక్షిణాఫ్రికాలో వేవ్స్ ఫర్ చేంజ్ అనే సంస్థ హింస, భయం మధ్య పెరిగే పేటల పిల్లలకు మనసు కుదుటపరిచే మార్గంగా సర్ఫింగ్‌ను వాడుతోంది, నేర్పేవాళ్లు కూడా అవే పేటల యువకులు. వీటిలో ఏ ఒక్కటీ పతకాల కోసం మొదలు కాలేదన్నది గమనించాలి.

ప్రమాదం మాటేమిటని అమ్మానాన్నలు అడుగుతారు, అడగాలి. ప్రపంచంలో ఏటా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోతున్నారని, 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణ కారణాల్లో ఇది ముందు వరసలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలు మొదట అడిగే సొరచేప ప్రశ్నకూ ఈ అంకె పక్కనే జవాబుంది: సొరచేపలు తమంతట తాము దాడిచేయడం వల్ల చనిపోయేవారు ప్రపంచమంతా కలిపి సగటున ఏడాదికి పదిమంది కూడా ఉండరు. పదమూడేళ్ల వయసులో, 2003లో, సొరచేప వల్ల ఎడమ చేయి పోగొట్టుకున్న బెథనీ హామిల్టన్ కథ పిల్లలకు చెప్పొచ్చు. నెల తిరక్కుండానే ఆమె మళ్లీ బోర్డెక్కింది. కానీ భయపడాల్సింది సొరచేపకు కాదు, తెలియని నీటికి. నీళ్లు నేర్పితే పిల్లలకు తెగింపు వస్తుంది, తెగింపు ముంచుతుంది అనే వాదనలో బలం ఉందనిపిస్తుంది. కానీ బంగ్లాదేశ్ అనుభవం దానికి ఎదురు నిలుస్తోంది. అక్కడ 4 నుంచి 12 ఏళ్ల పల్లె పిల్లలకు ఈతతో పాటు నీటి జాగ్రత్తలు, తోటివారిని కాపాడే పద్ధతి నేర్పితే, నేర్చుకున్నవారిలో మునక మరణాలు 90 శాతానికి పైగా తగ్గాయని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది. చెరువు ఈత సముద్రానికి సరిపోదు, నిజమే. అందుకే ఈతతో ఆగకుండా పాయను గుర్తుపట్టడం, అందులో చిక్కితే ఎదురీదకుండా తేలడం, చేయెత్తి పిలవడం, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి అలలు విరిగేవైపు నుంచి బయటికి రావడం నేర్పాలంటున్నాను. ఆ పాయ కిందికి లాగదు, దూరానికి మాత్రమే తీసుకెళుతుంది అన్న ఒక్క సంగతి తెలిసినా పిల్ల కంగారుపడదు. ప్రాణం తీసేది చాలావరకు ఆ కంగారూ, అలసటే.

ఇది మనది కాని ఆట అనేవాళ్లూ ఉన్నారు. కానీ మన తూర్పు తీరంలో దుంగలు కట్టిన తెప్పల మీద మోకాళ్లపై కూర్చుని, వరసగా విరిగే అలల మధ్య సమయం చూసి దాటే విద్య తరాలుగా ఉంది. మద్రాసు రేవులో ఓడ దిగడానికి జంకిన యూరపియన్లు ఈ తెప్పలవాళ్ల నేర్పును ఆశ్చర్యంతో వర్ణించారు. దాన్ని సర్ఫింగ్ అనడం అతిశయోక్తి. పొట్టకూటి కోసం చేసిన పనికి ఆట పేరు తగిలించకూడదు. కానీ ఎన్నో అల తర్వాత కాస్త సందు దొరుకుతుంది, నీటి రంగు ఎక్కడ మారింది, గాలి ఎటు తిరిగింది అన్న చూపు ఇద్దరిదీ ఒకటే. ఖర్చు సంగతి కూడా అంత భయపడాల్సింది కాదు. మొదటి పాఠాలకు బోర్డే అక్కర్లేదు. ఆ తర్వాత ఒక మెత్తటి ఫోమ్ బోర్డును పదిమంది పిల్లలు వంతులవారీగా వాడుకోవచ్చు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం మత్స్యకార కుటుంబాలది. సముద్రం మీద బతికేవాళ్లే తమ పిల్లలు ఆ నీటికి దూరంగా, ఉద్యోగాల్లో ఉండాలని కోరుకుంటారు. వేటకెళ్లి తిరిగిరానివాళ్లు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. వాళ్ల కోరికను వెనకబాటు అనడం క్రూరత్వం. నా జవాబు ఒకటే: ఈ ఆట పిల్లల్ని వేటకు తిరిగి పంపదు. కేరళ కోవళం షరతు వాళ్లను బడికి పంపింది. చెన్నై కోవళంలో అది శిక్షకులుగా, పోటీదారులుగా కొత్త జీవనోపాధి ఇచ్చింది. అయితే ఒక జాగ్రత్త ఉండాలి. తీరం అందంగా ఉందని బయటివాళ్లు రిసార్టులు కట్టి, ఊరి పిల్లల్ని బోర్డులు మోసే కూలీలుగా మిగిల్చే మార్గం కూడా ఎదురుగానే ఉంది. విశాఖ దగ్గర రుషికొండలో ఇప్పటికే సర్ఫింగ్ నేర్పేవాళ్లున్నారు. అక్కడ నేర్చుకునేది సెలవులకు వచ్చిన నగరపు పిల్లలే అయితే, దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో పుట్టి పెరుగుతున్న పిల్లలకు దానివల్ల ఒరిగేది లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల సంతతి కోసం మరపడవల వేట నిషేధం. దాదాపు అదే సమయంలో బడులకు వేసవి సెలవులు. అలలను చదవగలిగినవాళ్లు పని లేకుండా, చదవాల్సిన పిల్లలు బడి లేకుండా ఒకే ఒడ్డున ఉండే రోజులవి. తీరంలోని ఒక్కో ఊళ్లో అనుభవమున్న నలుగురు మత్స్యకారులకు ప్రథమ చికిత్స, రక్షణ పద్ధతుల్లో శిక్షణ ఇచ్చి, రోజుకూలి కాకుండా గురువులకు తగిన జీతం ఇచ్చి, పొద్దుటి పూట రెండు గంటలు పిల్లల్ని అప్పగించవచ్చు. మొదటి వారం ఎవరూ నీళ్లలో దిగరు; ఒడ్డున కూర్చుని పాయలు గుర్తుపట్టడం, ఇన్‌కాయిస్ అంకెలను ఎదురుగా ఉన్న సముద్రంతో పోల్చి చూడటం. రెండో వారం తేలడం, చేయెత్తి పిలవడం, పడినప్పుడు తలకు చేతులు అడ్డుపెట్టుకోవడం, తల ముందుకు పెట్టి ఎన్నడూ దూకకపోవడం. తర్వాత పిల్ల నడుములోతు నీళ్లలో, విరిగిపోయిన అల నురగ మీద, బోర్డుపై బోర్లా పడుకుని ఒడ్డుదాకా రావడం. హెచ్చరిక ఉన్న రోజున ఆట రద్దు, వాదన లేదు. బోర్డు మీద నిలబడటం ఈ వేసవిలోనే వస్తుందా, వచ్చే వేసవికా అన్నది ఆ పిల్ల కాళ్లు, ఆనాటి అలలు తేల్చుకుంటాయి.